అమ్మ ఫోన్లో తెగిపోయిన పేరు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసిందంటే తిన్నావా, లేచావా అనే మాటలే ఉంటాయి. ఆ రోజు అవేమీ లేవు.

"రే అబ్బయా, నీ యాప్ పుణ్యమా అని సంఘంలో పెద్ద రచ్చయిందిరా. నేను దొంగలెక్క రాశానంట."

బెంగళూరులో, రూంలో, దోసెపిండి ప్యాకెట్ కత్తిరిస్తా ఉన్నా. కత్తెర పక్కన పెట్టేశా.

మాది జలదంకి. నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర హైవే దిగి లోపలికి వస్తే తగిలే మండలం, ఉదయగిరి నియోజకవర్గంలో ఉంటుంది. అమ్మ చాలా ఏళ్లుగా ఒక పొదుపు సంఘానికి లెక్కలు రాస్తోంది. పదిమంది ఆడవాళ్లు, నెలనెలా సమావేశం, పొదుపు డబ్బు, అప్పు కంతులు, ఎర్ర అట్ట పుస్తకం ఒకటి. నేనేమో ఇంజినీరింగ్ చదివి, యాప్‌లు కట్టే ఉద్యోగం చేస్తా, ఊళ్లో అమ్మకి మాత్రం ఒక్కటీ కట్టివ్వలేదే అని ఓ సంక్రాంతికి సిగ్గుపడ్డా. సెలవుల నుంచి వచ్చాక రెండు వారాంతాలు కూర్చుని చేసేశా. పేర్ల జాబితా, పక్కన కట్టాల్సిన మొత్తం, నొక్కితే టిక్కు. అమ్మ మురిసిపోయింది. నేను అంతకంటే ఎక్కువ మురిసిపోయా, స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో కూడా పెట్టుకున్నా.

మూడు నెలల తర్వాత ఈ ఫోన్.

జరిగింది ఇదీ. సంఘంలో ఇద్దరు తోడికోడళ్లు ఉన్నారు. అంటే ఇంటిపేరు ఒకటే. పేర్లు కూడా ఇద్దరివీ 'వెంకట' తోనే మొదలవుతాయి. వాళ్ల అసలు పేర్లు రాయను, ఒకరు వెంకటసుబ్బమ్మ, ఇంకొకరు వెంకటసుబ్బరత్నమ్మ అనుకోండి. ముందు నెలలో పెద్దామె 2,500 రూపాయల కంతు కట్టింది. అమ్మ ఫోన్లో టిక్కు కొట్టింది. ఆ టిక్కు చిన్నామె వరసలో పడింది. ఈ నెల సమావేశంలో ఫోన్ తెరిచి చదివితే పెద్దామె బాకీ, చిన్నామె కట్టేసినట్టు.

పదిమందిలో "నువ్వు కట్టలేదు" అనిపించుకోవడం ఎట్టా ఉంటుందో ఊళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెద్దామె లేచి నిలబడింది. చిన్నామె "నేనేం నా పేరున రాయమన్నానా" అంది. అక్కడి నుంచి మాటలు పొలం గట్టు దాకా, పాత పెళ్లిళ్ల దాకా పోయాయి. అమ్మ ఇంటికి పరిగెత్తి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చింది. యాప్ వచ్చాక కూడా ఆమె పుస్తకం రాయడం ఆపలేదు, "ఫోన్ నీళ్లలో పడితే?" అని. పోయిన నెల పేజీలో పెద్దామె సంతకం పెట్టి ఉంది. లెక్క తేలింది. నోరు జారిన మాటలు మాత్రం జారినట్టే ఉన్నాయి, తోడికోడళ్లు ఆ నెలంతా మాట్లాడుకోలేదు.

"నీ ఫోన్లో ఇద్దరి పేర్లూ ఒకేమాదిరి కనపడతాండయ్‌రా" అంది అమ్మ. స్క్రీన్‌షాట్ పంపమన్నా. వచ్చింది. ఒకదాని కింద ఒకటి రెండు వరసలు. రెండింటిలోనూ ఇంటిపేరు, ఆ తర్వాత 'వెంక', ఆ తర్వాత మూడు చుక్కలు.

ఆ మూడు చుక్కలు పెట్టింది నేనే.

రెడీమేడ్ ముక్కలు

మీరు రోజూ నొక్కే బటన్, వేలితో జరిపే జాబితా, మధ్యలో లేచి "సరేనా?" అని అడిగే పెట్టె, వీటిని ఏ యాప్ వాళ్లూ మొదటి నుంచి గీసుకోరు. రెడీమేడ్‌గా దొరుకుతాయి. వాటినే కాంపొనెంట్లు అంటాం, ఫ్లట్టర్‌లో అయితే విడ్జెట్లు. 2011లో ట్విట్టర్‌లో పనిచేసే మార్క్ ఒట్టో, జేకబ్ థార్న్‌టన్ తమ ఆఫీసు అవసరానికి చేసుకున్న ముక్కల్ని బూట్‌స్ట్రాప్ పేరుతో అందరికీ ఉచితంగా వదిలారు. ఒక దశలో సగం వెబ్‌సైట్లు అన్నదమ్ముల్లా కనపడేవి, కారణం అదే. 2013లో ఫేస్‌బుక్ నుంచి రియాక్ట్ వచ్చింది. 2018 డిసెంబరులో గూగుల్ ఫ్లట్టర్ మొదటి పూర్తి వెర్షన్ వదిలింది. నా బోటి ఒక్కడు రెండు వారాంతాల్లో యాప్ కట్టగలుగుతున్నాడంటే ఇవి ఉండబట్టే. వీటిని తిట్టే ఉద్దేశం నాకు అస్సలు లేదు, తిండి పెడుతున్నవి ఇవే.

కాకపోతే రెడీమేడ్ చొక్కా ఎవరో ఒకరి కొలతకి కుట్టి ఉంటుంది. ఈ ముక్కల కొలత ఎక్కువగా ఇంగ్లిషు పేరుది. చిన్న పేరు ముందు, ఇంటిపేరు వెనక. అట్టాంటి పేరు వరసలో పట్టక తెగినా తెగేది ఇంటిపేరే, మనిషెవరో తెలుస్తూనే ఉంటుంది. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం. తెగితే అసలు పేరే తెగుతుంది. పదిమందిలో నలుగురిది ఒకే ఇంటిపేరైన ఊళ్లో ఇక చెప్పేదేముంది.

ఇంకో సంగతి చెప్తా, డెవలపర్లు కానివాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. ఫ్లట్టర్‌లో రాత పెట్టెలో పట్టకుండా పక్కకి పొంగిపోతే, మనం యాప్ కట్టే దశలో స్క్రీన్ అంచున పసుపు-నలుపు చారలు వస్తాయి, రోడ్డు పని జరిగే చోట కట్టే అడ్డకర్రల్లాగా. అవి మాకు హెచ్చరిక. జనానికి ఇచ్చే యాప్‌లో అవి కనపడవు. నా జాబితాలో కూడా ఒకసారి ఆ చారలు వచ్చాయి. నేనేం చేశానంటే ఒక్క లైన్ రాశా: ఒకే వరసలో చూపించు, పట్టకపోతే మూడు చుక్కలు పెట్టు. చారలు మాయం. హెచ్చరిక నోరు నా చేత్తోనే మూశా. ఆ టైంలో దాన్ని 'ఫిక్స్' అనుకున్నా, కోడ్ దాచేచోట కూడా అదే పేరుతో రాసుకున్నా.

నా టెస్టింగ్ సంగతి కూడా చెప్పేస్తా. రమ, సీత, గీత, లత. ఇవీ నేను పరీక్షకి పెట్టిన పేర్లు. మా వీధిలో ఈ నాలుగు పేర్లున్న మనిషి ఒక్కరూ లేరు.

పైగా నా ఫోన్లో అక్షరాల సైజు మామూలుది. అమ్మ ఫోన్లో అన్నిటికంటే పెద్దది. సెట్టింగుల్లో ఆమెకి అట్టా పెట్టిచ్చింది కూడా నేనే, కళ్లజోడు లేకుండా చదువుకుంటుందని. ఈ రెండు పనులు చేసినవాడు ఒక్కడే అని నాకు ఆ స్క్రీన్‌షాట్ చూసేదాకా తట్టలేదు.

ఇంకా మిగిలింది వరస. పుస్తకంలో పెద్దామె రెండో నంబరు, చిన్నామె తొమ్మిదో నంబరు. సంఘంలో ఎవరు ఎప్పుడు చేరారో ఆ క్రమం. నేను జాబితాని అకారాది క్రమంలో పేర్చా, ఒక్క లైన్ కోడ్‌తో వచ్చేస్తుందిగా. దాంతో ఏడు వరసల దూరంలో ఉండాల్సిన ఇద్దరూ పక్కపక్కన చేరారు. తెగిన పేర్లు, పెద్ద అక్షరాలు, పక్కపక్క వరసలు, అమ్మ బొటనవేలు. తప్పు జరక్కపోతేనే ఆశ్చర్యం.

సంతకం వెనక కథ

ఆ వారమే సెలవు పెట్టి ఊరికి పోయా. కోడ్ బెంగళూరు నుంచే మార్చొచ్చు. కానీ పెద్దామె ముందు ఒకసారి నిలబడాలనిపించింది. మాకు వరసకి పెద్దమ్మ అవుతుంది.

ఆమె కోప్పడలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని, స్క్రీన్ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. మూడు చుక్కల దగ్గర ఆగింది.

"నా పేరు సగమే ఉండాదేంది నాయనా? నేను మొత్తం రాయడం నేర్చుకున్నానే."

ఈ మాటకి వెనక ఓ కథ ఉంది, మన తరానికి అంతగా తెలియదు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం కార్యక్రమం వచ్చింది. రాత్రిళ్లు కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్లు లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. పెద్దమ్మ అట్టా నేర్చుకుంది. ఆ చదువుల మధ్యే మా పక్క కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. వాళ్ల కథ పాఠంగా వాచకంలోకి ఎక్కింది, అది చదివిన ఊళ్లు కూడా కదిలాయి, 1992కల్లా జిల్లా అంతా రగిలింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు మిగిలితే దాన్ని ఏం చేయాలి? రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. 'పొదుపు లక్ష్మి' అని పేరు. ఈ రోజు ఊరూరా కనపడే పొదుపు సంఘాల వెనక మా జిల్లా ఆడవాళ్ల ఆ రూపాయి ఉంది.

అందుకని పెద్దమ్మకి పుస్తకంలో తన పేరు అంటే డేటా కాదు. బడికి పోని మనిషి పాతికేళ్ల వయసు దాటాక కష్టపడి సంపాదించుకున్న అక్షరాలు. ఆమె హాయిగా చదవగలిగేది ఆ పేరే, దాన్నే నేను స్క్రీన్ వెడల్పు చాల్లేదని కోసేశా.

వత్తులు, గుళ్లు, ఒక ఐఫోన్

సమావేశం రోజు వెనక వరసలో కూర్చుని, ఒక్కొక్కరూ ఫోన్ ఎట్టా చదువుతున్నారో చూశా. బెంగళూరులో దీన్ని యూజర్ రీసెర్చ్ అని పిలిచి దానికో టీమ్ పెడతారు. ఇక్కడ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు కూడా ఇచ్చారు.

మొదట బయటపడింది 'లక్ష్మి'. సంఘంలో ముగ్గురు లక్ష్ములు ఉన్నారు. ఆ ముగ్గురి పేర్లలోనూ 'క్ష్మి' కింద ఉండాల్సిన మవత్తు అడుగున నరికినట్టుంది. క కింద షవత్తు, దాని కింద మవత్తు, పైన గుడి. ఇంగ్లిషు అక్షరానికి ఇంత ఎత్తు అక్కర్లేదు. వరసల మధ్య ఖాళీ ఎక్కువైంది, చూడ్డానికి వదులుగా ఉందని నేనే లైన్ ఎత్తు తగ్గించి, పెట్టె ఎత్తు బిగించేశా. నిజానికి గూగుల్ మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాల్లో ఒకప్పుడు భాషల్ని మూడు రకాలుగా విడదీసి రాశారు: ఇంగ్లిషు లాంటివి, చైనీస్ జపనీస్ లాంటి దట్టమైనవి, ఎత్తైనవి. ఆ ఎత్తైన వాటిలో తెలుగు పేరు ఉంది, వీటికి వరస ఎత్తు ఎక్కువ ఇవ్వండి అని కూడా ఉంది. చదివా. మర్చిపోయా. తెలుగు ఫాంట్లలో కూడా ఒకదానికీ ఇంకొకదానికీ ఎత్తు కలవదు. నోటో సాన్స్ తెలుగులో సరిపోయింది కదా అని, సిలికానాంధ్ర తెచ్చిన మండలి, గిడుగు, సురవరం లాంటి ఫాంట్లకి మార్చి చూడకుండా ఉంటే దెబ్బ తింటారు.

రెండోది గుండ్రటి బొమ్మ. పేరు పక్కన రంగు వృత్తంలో మొదటి అక్షరం వస్తుంది చూడండి, కాంటాక్టుల్లో ఉన్నట్టు. ఇదీ రెడీమేడే. 'ప్రమీల' పక్కన వృత్తంలో 'ప' అని ఉంది. 'స్వరూప' పక్కన 'స'. ఆ స్వరూపక్క "నేను స కాదు, స్వ" అని పకపకా నవ్వింది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు రైటు.

ఎందుకట్టా వస్తుందంటే, కంప్యూటర్ లెక్కలో అక్షరం వేరు, మన లెక్కలో అక్షరం వేరు. 'క్షేత్రం' మనకి రెండక్షరాలు. యూనికోడ్‌లో అది ఎనిమిది ముక్కలు: క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న. మనిషి కంటికి ఒకటిగా కనపడే దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలని యూనికోడ్ వాళ్లకి వేరే నియమాలు ఉన్నాయి. కానీ వాటి ప్రకారం కూడా 'క్షేత్రం' చాలా ఏళ్లు నాలుగు ముక్కలే: క్, షే, త్, రం. వత్తు ఉన్న చోటల్లా విరిగేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, మలయాళం లాంటి ఆరు లిపులకి ఆ లోటు సరిచేశారు, ఇప్పుడు రెండే. అయితే మీరు వాడే లైబ్రరీ పాతదైతే మీకింకా నాలుగే. నా కోడ్ అయితే ఆ నియమాల జోలికే పోలేదు, పేరులో మొదటి ముక్క ఇవ్వు అని అడిగింది, అది ఇచ్చింది.

ఈ లెక్క తప్పితే పేరు తెగడంతో ఆగదు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? నేను అప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నా. ఒక తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలుతున్నాయని హాస్టల్ అంతా గోల. 'జ్ఞా' లాంటి అక్షరమే. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసలో ముక్కలు వస్తే ఐఓఎస్ 11.2.5 ఆ అక్షరాన్ని ఎట్టా గీయాలో తేల్చుకోలేక పడిపోయేది. ఫిబ్రవరి 19న 11.2.6 వదిలి ఆపిల్ దాన్ని సరిచేసింది. బెంగాలీ, దేవనాగరి అక్షరాల్లో కొన్నిటికీ ఇదే జబ్బు ఉందని తర్వాత తేలింది. మాకు అప్పుడు అదో జోకు, ఐఫోన్ ఉన్న ఒకే ఒక్క ఫ్రెండ్‌కి తలా ఒకటి పంపాం. అంత పెద్ద కంపెనీ వాళ్ల చేతిలో కూడా జారిపోయిన సంగతి నా రెండు వారాంతాల యాప్‌లో జారదా అని అప్పుడు అనుకుని ఉంటే బాగుండేది.

పుస్తకం దగ్గర నేర్చుకున్నవి

ఆ రాత్రి అమ్మ ఎర్ర అట్ట పుస్తకం ముందేసుకుని కూర్చున్నా. ఇన్నాళ్లూ దాన్ని పాతకాలపు సరుకు అనుకున్నా. చూస్తే దాని డిజైన్ నా దానికంటే గట్టిది.

అందులో పేరు పట్టకపోతే కింద వరసలోకి దిగుతుంది. అంతే. ఎవరి పేరూ తెగదు. నేనూ అదే చేశా, మూడు చుక్కలు తీసేసి రెండు వరసలు ఇచ్చా, కావాలంటే మూడు. వరస ఎత్తు బిగించడం మానేసి పేరుని బట్టి పెరగనిచ్చా. స్క్రీన్ మీద ఇంతకుముందు ఎనిమిది మంది కనపడేవాళ్లు, ఇప్పుడు ఐదుగురే. పదిమంది సంఘానికి ఒకసారి వేలు జరిపితే చాలు. అకారాది తీసేసి పుస్తకంలో నంబర్లే పెట్టా. గుండ్రటి బొమ్మలో 'స' బదులు ఇప్పుడు ఆ నంబరే ఉంటుంది. స్వరూపక్క ఏడు.

ఇంకోటి, పుస్తకంలో తప్పు రాస్తే అమ్మ చెరపదు. అడ్డంగా ఒక గీత గీసి పక్కన సరైనది రాసి సంతకం చేయిస్తుంది. నా యాప్‌లో వరసని పక్కకి తోస్తే మాయమైపోయేది. ఈమెయిల్ యాప్‌ల్లో చూసుంటారు, అదే రెడీమేడ్ ముక్క, నున్నగా జారుతుంటే భలే ఉంటుంది. అమ్మ దాన్ని చూసి భయపడి ఆ వైపు వేలు పెట్టడమే మానేసిందంట, నాకు చెప్పలేదు. "డబ్బు లెక్క తుడిస్తే మరకన్నా ఉండాల కదరా" అంది. ఇప్పుడు కొట్టేసిన లెక్క గీతతో సహా అక్కడే ఉంటుంది, తారీకుతో.

సమావేశంలో అమ్మ ఏదీ ఊరికే రాయదు. పేరు చదువుతుంది, మొత్తం చెబుతుంది, అందరూ విన్నాక కలం పెడుతుంది. దాన్ని బట్టి టిక్కు కొట్టే ముందు ఒక పెట్టె లేచేట్టు చేశా. పూర్తి పేరు, కింద మొత్తం, రెండూ పెద్దక్షరాల్లో. ఆ పెట్టెలో ముందు 'నిర్ధారించు' అని పెట్టా. ఎవరికీ నచ్చలేదు. 'కట్టారు' అని మార్చా. అంకెల దగ్గర లక్ష రూపాయల బ్యాంకు అప్పు 100,000 అని కనపడేది, దాన్ని 1,00,000 చేయడానికి పట్టింది రెండు నిమిషాలు. మూడు నెలలు ఎవరూ అడగలేదంటే అర్థమైందనుకున్నా. అమ్మ ప్రతిసారీ సున్నాలు లెక్కపెట్టుకుంటా ఉందంట.

పరీక్ష పేర్లు కూడా మార్చేశా. ఇప్పుడు ఏ యాప్ కట్టినా, ఆఫీసులో అయినా సరే, ముందు పొడుగాటి ఇంటిపేరు, దాని వెనక వెంకటసుబ్బరత్నమ్మ, ఒక రాజ్యలక్ష్మి, ఒక జ్ఞానప్రసూనాంబ పెట్టి, ఫోన్లో అక్షరాల సైజు చివరిదాకా లాగి చూస్తా. మొన్న మా టీమ్‌లో ఒకబ్బాయి అడిగాడు, ఈ పేర్లు ఎక్కడ పట్టావు బ్రో అని. ఓటరు లిస్టు చూడమన్నా.

కొత్త వెర్షన్‌తో మొదటి సమావేశానికి నేను వీడియో కాల్‌లో ఉన్నా. పెద్దమ్మ వంతు వచ్చింది. అమ్మ ఫోన్ ఆమె చేతికిచ్చింది. ఆమె తన పేరు మీద వేలు పెట్టి, మొదటి వరస చదివి, రెండో వరసలోకి దిగి, చివరి 'మ్మ' దాకా చదివింది. కింద మొత్తం చూసుకుంది. 'కట్టారు' తనే నొక్కింది. పక్కనున్న తోడికోడలు తొంగి చూసి, "నాది గూడా చూపించక్కా" అంది.

ఆ తర్వాత అమ్మ ఎర్ర అట్ట పుస్తకం తెరిచి అదే లెక్క మళ్లీ రాసుకుని, సంతకం పెట్టించుకుంది. కాల్ పెట్టేసే ముందు నాతో అంది, "అంతా బాగానే ఉండాదిరా, ఆ తారీకు మాత్రం చీమ తలకాయంత పెట్టావు. పెంచు."

శనివారానికి ఆ పని పెట్టుకున్నా.